కాన్పుల గదిలో కొత్తగా చేరారా? తల్లి గౌరవం తగ్గకుండా చూసుకోవడం ఎలా

ఆదోని నుంచి కర్నూలుకు రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు. కోసిగి, హొళగుంద పల్లెల నుంచి వచ్చేవారికి ప్రయాణం ఇంకా పెద్దది. అంత దూరం 108 బండిలో నొప్పులు పడుతూ వచ్చి, అర్ధరాత్రి పెద్దాసుపత్రి గుమ్మంలో దిగిన మనిషికి మొదట ఎదురయ్యేది డాక్టరు కాదు, మీరు. ఆ క్షణంలో మీరు అన్న మాట ఆమెకు ఆ బిడ్డ పెళ్ళి నాటికి కూడా గుర్తుంటుంది.

రాయలసీమ ఆసుపత్రుల లేబర్ రూముల్లో ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. కొత్తగా చేరినవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, హెచ్‌ఐవీ ఉన్న తల్లి వస్తే ఏం చేయాలి?" ముందు రోజు వచ్చిన తల్లికి ఏం చేశారో అదే చేయాలి. ఆమె వచ్చిందని తెలిశాక కొత్తగా మొదలుపెట్టవలసిన జాగ్రత్త ఏదైనా మిగిలి ఉందంటే, అంతకుముందు వచ్చిన వారందరి విషయంలో మీరు ఆ జాగ్రత్త మానేశారని అర్థం. ఈ కింద రాసినదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

1. డ్యూటీకి రాగానే గది చూసుకోండి

పని మొదలయ్యే ముందు పది నిమిషాలు దీనికి పెట్టండి. ప్రతి మంచానికీ తెర ఉందా, లాగితే చివరి వరకు వస్తుందా? లేకపోతే ఉతికిన దుప్పటిని రెండు స్టాండ్లకు కట్టండి, ఆ పూటకు పని జరుగుతుంది. మీ చేతికి సరిపోయే గ్లవ్స్, మోచేతుల దాకా వచ్చే పొడుగు గ్లవ్స్, ప్లాస్టిక్ ఏప్రాన్లు, మాస్కులు, కళ్ళద్దాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాడిన సూదులు వేసే డబ్బా ముప్పావు వంతు నిండి ఉంటే అప్పుడే మార్చండి. తల్లి నుంచి హెచ్‌ఐవీ సోకకుండా బిడ్డకు ఇచ్చే నెవిరపిన్ సిరప్ ఉందా, దాని గడువు ఎప్పటి వరకు, ఆ అల్మరా తాళం ఎవరి దగ్గర ఉంది? రాత్రి రెండు గంటలకు తాళం కోసం కేకలు వేస్తే, ఎవరి కోసం వెతుకుతున్నారో వార్డంతా తెలిసిపోతుంది.

గ్లవ్స్, ఏప్రాన్ ఎవరి రిపోర్టో చూసి వేసుకునేవి కావు. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లో రక్తపరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి 'లేదు' అని రాసి ఉన్న చీటీని నమ్మి ఒట్టి చేతులతో కాన్పు చేసేవారే నిజంగా ప్రమాదంలో ఉన్నారు. వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం 1000లో సుమారు 3. టీకా వేయించుకోని వారికి హెపటైటిస్ బి సోకే అవకాశం 100లో 30 దాకా ఉండవచ్చు. అయినా హెపటైటిస్ బి ఉన్న తల్లి మంచానికి దూరంగా జరిగి నిలబడినవారిని నేను చూడలేదు. మన భయం జబ్బు తీవ్రతను బట్టి రావడం లేదు, దాని పేరును బట్టి వస్తోంది. మీరు మాత్రం చేరిన వారంలోనే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి. నెలకు రెండో మోతాదు, ఆరు నెలలకు మూడోది.

2. గుమ్మం దగ్గర

"రండమ్మా, నా పేరు ఫలానా. ఈ రాత్రి మీ దగ్గర నేనుంటాను." ఇంతే చాలు. తరువాత ఆమె పేరు అడిగి, ఆ పేరుతోనే పిలవండి. 'మూడో మంచం', 'సిజేరియన్ కేసు' అనేవి మనిషి పేర్లు కావు. వయసులో మీకంటే చిన్నదైనా 'అమ్మా' అనండి. కూడా వచ్చిన పెద్దామెను 'అవ్వా' అని పిలిస్తే మీ పని సగం ఆమే చేసిపెడుతుంది.

కర్నాటక సరిహద్దు పల్లెల వారిలో చాలామందికి కన్నడం దగ్గర. పాతబస్తీ తల్లులు ఉర్దూలో ఏడుస్తారు, తండాల నుంచి వచ్చినవారు లంబాడీలో. ఊపిరి పీల్చు, నొప్పి వస్తోందా, ముక్కు, ఇప్పుడు ఆగు. ఈ నాలుగు మాటలను ఆ మూడు భాషల్లో ఆయమ్మలను అడిగి చిన్న కాగితం మీద రాసుకోండి. వారం రోజుల్లో నోటికి వచ్చేస్తాయి.

సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళి నిండు నెలలతో తిరిగి వచ్చినవారి దగ్గర తల్లీబిడ్డల కార్డు ఉండకపోవచ్చు. "కార్డు లేకుండా ఎందుకొచ్చావు?" అని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండదు. బిడ్డ గుండె చప్పుడు వినండి, బీపీ చూడండి, రక్తపరీక్షల సంగతి తరువాత. బీదరికాన్ని తప్పుగా లెక్కగట్టే హక్కు మనకు లేదు. అలాగే 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, ఇంటికి చేర్చే బండి అన్నీ ఉచితమని ఆమెకు అప్పుడే చెప్పండి. మగబిడ్డకు ఇంత, ఆడబిడ్డకు ఇంత అని చేయి చాచేవారు మీ గదిలో ఉంటే, మీ మౌనం కూడా ఆ వసూలులో భాగమే.

తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానివ్వండి. కాన్పు సమయంలో తోడు ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లి ఎవరిని కోరుకుంటే వారినే పిలవండి. ముందుకు వచ్చి నిలబడింది కదా అని అత్తగారిని లోపలికి పంపకండి. వచ్చినామెకు చెప్పులు బయట విడవమని, పక్క మంచాల వైపు చూడవద్దని చెప్పి, వెన్ను ఎలా రుద్దాలో చూపించండి. తోడు ఉన్న తల్లికి నొప్పులు తక్కువ సేపు సాగుతాయి, సిజేరియన్ అవసరం కూడా తగ్గుతుంది.

3. ప్రతి తల్లితోనూ అయిదు నిమిషాలు విడిగా

ఇది మరిచిపోకండి. వచ్చిన ప్రతి తల్లి దగ్గరా, తోడు మనిషిని కూడా బయటికి పంపి, అయిదు నిమిషాలు విడిగా మాట్లాడండి. అందరితోనూ అలా మాట్లాడే అలవాటు ఉంటే, ఒకామెతో మాట్లాడినప్పుడు ఎవరికీ అనుమానం రాదు. అనుమానం ఉన్నవారిని మాత్రమే పక్కకు పిలిచారో, ఆ పిలుపే చాటింపు అవుతుంది.

ఆ అయిదు నిమిషాల్లో అడగవలసినవి: ఇంతకుముందు కాన్పులు ఎలా జరిగాయి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, రోజూ వేసుకునే మందులు ఏమైనా ఉన్నాయా, ఆ సంగతి ఇంట్లో ఎవరెవరికి తెలుసు. ఈ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబు మీద మీరు రేపటి దాకా చేసే ప్రతి పనీ ఆధారపడుతుంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వాడుతున్న తల్లి వాటిని తెచ్చుకుందో లేదో అప్పుడే తెలుసుకోండి. నొప్పుల్లో ఉన్నా ఆ రోజు మాత్ర తప్పకూడదు. అందరికీ మందులు ఇచ్చే వేళ, అందరికీ ఇచ్చే చిన్న కప్పులోనే వేసి ఇవ్వండి. సీసా బయటికి తీయకండి.

పరీక్ష జరగని తల్లి అయితే, నొప్పికీ నొప్పికీ మధ్య విరామం చూసి చెప్పండి: "అందరికీ చేసినట్టే మీకూ వేలి దగ్గర చుక్క రక్తం తీసి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తాం. ఉన్నట్టు తేలితే బిడ్డకు సోకకుండా ఇప్పుడే మందు ఇవ్వవచ్చు. చేయమంటారా?" ఆమె ఒప్పుకోవాలి. వద్దంటే ఆమె కాన్పు ఆగకూడదు, మీ ముఖం మారకూడదు. విషయం వివరించి సమ్మతి తీసుకోకుండా పరీక్ష చేయకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది.

ఫలితం ఉన్నట్టు వస్తే? నొప్పి తగ్గే వరకు ఆగండి. ఆమె చేయి పట్టుకోండి. "మొదటి పరీక్షలో హెచ్‌ఐవీ కనిపించింది. ఇది ఖాయమో కాదో ఇంకో పరీక్షతో తేలుస్తారు. మందు ఇప్పుడే మొదలుపెడితే బిడ్డను కాపాడుకోవచ్చు." ఈ మూడు వాక్యాలు దాటవద్దు. ఎలా వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అనే మాట మీ నోట రాకూడదు. డాక్టరుకు వెంటనే చెప్పి మందు మొదలుపెట్టించండి, తెల్లారాక ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) కౌన్సెలర్‌ను ఆమె దగ్గరికి పిలిపించండి. ఏ చికిత్సా లేకపోతే హెచ్‌ఐవీ ఉన్న 100 మంది తల్లుల బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకే వీలుంది. తల్లి మందులు సరిగా వాడి, బిడ్డకు సిరప్ పడితే అది 5 లోపుకు వస్తుంది. ముందు నుంచీ మందులు వాడుతూ, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిన తల్లికి ఇంకా తక్కువ. ఈ అంకెలను మీరు గట్టిగా నమ్మితే మీ గొంతులో ధైర్యం వస్తుంది, అది ఆమెకు వినిపిస్తుంది.

4. నొప్పుల వేళ

నడవనివ్వండి. నీళ్ళు, మజ్జిగ, కాస్త జావ తాగనివ్వండి. వెల్లకిలా పడుకోబెట్టి కట్టేసినట్టు ఉంచకండి. పక్కకు తిరిగి పడుకున్నా, కూర్చున్నా, గొంతుక్కూర్చున్నా బిడ్డ కిందికి దిగుతుంది. లోపలి పరీక్ష అన్నీ సవ్యంగా ఉంటే నాలుగు గంటలకు ఒకసారి చాలు. చేసే ముందు "ఇప్పుడు చేయి పెట్టి చూస్తానమ్మా, ఊపిరి వదలండి" అని చెప్పి, ఆమె సరే అన్నాక చేయండి. బోధనాసుపత్రుల్లో నేర్చుకునే పిల్లలు ఉంటారు, వారు నేర్చుకోవాలి కూడా. అయినా ఒకరి తరువాత ఒకరు ఆరుగురు పరీక్ష చేయడం చదువు అనిపించుకోదు. ఒక్కరు చేయాలి, అదీ ఆమెను అడిగి.

వెంట్రుకలు గీయడం, ఎనీమా ఇవ్వడం, పొట్ట మీద ఎక్కి నొక్కడం, ప్రతి తొలిచూలుకూ బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర కోత పెట్టడం: ఇవి పాత అలవాట్లు, మానేయవలసినవి. కోత నిజంగా అవసరమైతే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చెప్పి పెట్టాలి. కుట్లకూ అంతే. "ఇంత నొప్పి పడ్డావు, ఈ రెండు కుట్లు ఒక లెక్కా?" అని మత్తు ఇవ్వకుండా కుట్టడాన్ని నేను కళ్ళారా చూశాను. అది హింస, దానికి ఇంకో పేరు లేదు.

ఇప్పుడు హెచ్‌ఐవీ ఉన్న తల్లి విషయంలో పుస్తకం ఏం చెబుతుందో చూడండి. అవసరం లేకుండా ఉమ్మనీటి సంచి పగలగొట్టవద్దు, లోపలి పరీక్షలు తగ్గించండి, కోత, బిడ్డను బయటికి లాగే పట్టకారు వీలైనంత వరకు వద్దు. ఆమెకు మంచివని రాసినవన్నీ పక్క మంచం తల్లికీ మంచివే. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ కూడా అక్కరలేదు. మామూలు కాన్పుకు ఇతర అడ్డంకి ఉంటేనే ఆపరేషన్. ఇక "ఈ కేసు మా వల్ల కాదు, వేరే ఊరికి తీసుకెళ్ళండి" అనడం 2017 చట్టం ప్రకారం వివక్ష. రెఫర్ చేయడానికి రక్తస్రావం, బీపీ, అడ్డం తిరిగిన బిడ్డ వంటి కారణం ఉండాలి.

మాట గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చేతికంటే నోరే ఎక్కువ గాయం చేస్తుంది. "పెళ్ళయిన కొత్తలో లేని ఏడుపు ఇప్పుడెందుకు?" అనే మాటను మన లేబర్ రూముల్లో తరాలుగా వారసత్వంలా ఒకరి నుంచి ఒకరు అందుకుంటున్నారు. తొడ మీద చరచడం, "బిడ్డ చస్తే నాకు సంబంధం లేదు" అని బెదిరించడం కూడా అంతే. పని భారం నాకు తెలియనిది కాదు. ముగ్గురు నర్సులు, ఇరవై మంది తల్లులు, ఒక మంచం మీద ఇద్దరు. అలాంటి రాత్రుల్లో నేనూ అరిచాను. ఒక్క తల్లి కూడా నా అరుపు వల్ల త్వరగా కనలేదు. భయపడిన మనిషి ఒళ్ళు బిగుస్తుంది, ముక్కడం మరిచిపోతుంది. చిరాకు వస్తున్నట్టు మీకే తెలిసినప్పుడు పక్కనున్న నర్సుకు చెప్పి రెండు నిమిషాలు బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని రండి. అడగడానికి సిగ్గుపడకండి.

5. బిడ్డ బయటికి వచ్చినప్పుడు

బిడ్డను తల్లి పొట్ట మీద పెట్టి, పొడి గుడ్డతో తుడిచి, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఉంచి దుప్పటి కప్పండి. ఏడ్చిన బిడ్డకు బొడ్డుతాడు ఒక నిమిషం దాటాక, మూడు నిమిషాల లోపు కోయండి. హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకూ ఇదే లెక్క. బిడ్డను దూరంగా పట్టుకుని చూపించి వెంటనే తీసుకెళ్ళడానికి ఆ జబ్బు కారణం కాదు. ఆడబిడ్డ అయితే మీ గొంతు తగ్గకూడదు. "బంగారంలాంటి బిడ్డమ్మా" అని మొదట మీరే అనండి, బయట ఉన్నవారికి కూడా అదే గొంతుతో చెప్పండి.

బిడ్డ దక్కని తల్లిని బాలింతల మధ్య పడుకోబెట్టకండి. బిడ్డను చూస్తుందేమో అడగండి. చూస్తానంటే శుభ్రమైన గుడ్డలో చుట్టి చేతికివ్వండి, తొందరపెట్టకండి.

6. కేస్ షీటు మీద ఏ గుర్తూ వద్దు

ఇది నా తప్పు గురించి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రిలో, హెచ్‌ఐవీ ఉన్న తల్లుల కేస్ షీటు మీద ఎర్ర చీటీ అంటించే అలవాటు ఉండేది. అనంతపురం వైపు పల్లె నుంచి పుట్టింటికి వచ్చిన ఒక అమ్మాయి షీటు మీద ఆ చీటీ అంటించింది నేనే. అందరి మంచిదే కోరి చేస్తున్నాననుకున్నాను. మధ్యాహ్నానికి ఊడ్చే మనిషికి తెలిసింది, సాయంత్రానికి టీ తెచ్చే అబ్బాయికి తెలిసింది. రాత్రి ఆమె అత్త వచ్చి మంచానికి రెండు గజాల దూరంలో నిలబడింది, బిడ్డను ముట్టుకోలేదు. తెల్లవారి ఆరు గంటలకు నేను వెళ్ళేసరికి మంచం ఖాళీ. బిడ్డకు ఇవ్వవలసిన సిరప్ సీసా నా చేతిలోనే ఉంది. ఆ బిడ్డ ఏమయిందో నాకు ఈ రోజుకూ తెలియదు.

కాబట్టి రంగు చీటీలు, మంచం దగ్గర బోర్డులు, షీటు పై అట్ట మీద పెద్ద అక్షరాలు ఏవీ వద్దు. ఫలితం షీటు లోపలి పేజీలో, దాని స్థానంలో మాత్రమే ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు మంచం పక్కన నిలబడి ఆ సంగతి అప్పగించకండి, నర్సుల గదిలో చెప్పండి. చికిత్సతో నేరుగా సంబంధం ఉన్నవారికి తప్ప ఇంకెవరికీ చెప్పవద్దు. మూల మంచం, విడి మరుగుదొడ్డి, వేరే పళ్ళెం వద్దు. "మా కోడలికి ఏమైనా జబ్బుందా సిస్టర్?" అని ఎవరైనా గుచ్చి అడిగితే, "ఎవరి రిపోర్టూ మేము బయటివారికి చెప్పమమ్మా, మీదైనా చెప్పం" అనండి. భర్తకు చెప్పే విషయం కూడా ఆమె, కౌన్సెలర్ కలిసి తేల్చుకోవలసింది. చెబితే కొడతారనో, ఇంట్లోంచి వెళ్ళగొడతారనో ఆమె భయపడుతుంటే ఆ భయాన్ని నమ్మండి.

7. వార్డులో: పాలు, సిరప్

మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పెట్టించండి. హెచ్‌ఐవీ ఉన్న తల్లి కూడా, మందులు వాడుతూ, ఆరు నెలల పాటు తన పాలు మాత్రమే ఇవ్వవచ్చు. డబ్బా పాలు ఇవ్వాలా అన్న నిర్ణయం కౌన్సెలర్‌తో మాట్లాడాక ఆమె తీసుకోవలసినది, దాని ఖర్చు, శుభ్రమైన నీళ్ళు, ఇంట్లో వచ్చే ప్రశ్నలు అన్నీ చెప్పాలి. అసలు ప్రమాదం రెండూ కలిపి ఇవ్వడంలో ఉంది. బయటి పదార్థం బిడ్డ పేగు లోపలి పొరను దెబ్బతీస్తే, వైరస్‌కు దారి దొరుకుతుంది. మన వైపు పుట్టిన బిడ్డకు తేనె నాకించడం, ఆముదం చుక్క వేయడం, గాడిద పాలు పట్టించడం ఉన్నాయి కదా. ఆమె ఒక్కతే వద్దంటే ఇంట్లో వింతగా చూస్తారు. అందుకని వార్డులో అవ్వలందరినీ కూర్చోబెట్టి, "ఏ బిడ్డకూ ఆరు నెలల దాకా చుక్క నీళ్ళు కూడా వద్దు" అని అందరికీ కలిపి చెప్పండి. ఆ మాట ఆమెకు ఇంట్లో అండగా ఉంటుంది.

నెవిరపిన్ సిరప్ మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరు రాస్తారు. మామూలుగా ఆరు వారాలు, అవసరాన్ని బట్టి ఇంకా ఎక్కువ రోజులు, లేదా దానితో ఇంకో మందు. మీరు చేయవలసినది, తల్లి చేతికే సిరంజి ఇచ్చి, మీ ఎదుట రెండుసార్లు కొలిపించడం. చదువు రాకపోతే సిరంజి మీద ఆ గీత దగ్గర గుర్తు పెట్టి ఇవ్వండి.

8. సూది గుచ్చుకుంటే

సబ్బుతో, పారే నీళ్ళతో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి. డాక్టరుకు వెంటనే చెప్పి నివారణ మందు మొదలుపెట్టండి. రెండు గంటల లోపు మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. 28 రోజులు వాడాలి. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టే అలవాటు మానితే ఇలాంటివి చాలా తగ్గుతాయి. కోపం ఆ తల్లి మీద చూపకండి.

9. ఇంటికి పంపే రోజు

హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకు ఆరు వారాలకు రక్తపు చుక్క పరీక్ష, తరువాత 6, 12 నెలలకు, చివరిది 18 నెలలకు. ఈ తేదీలను ఆమెతో చెప్పించుకోండి. ఆరు వారాలకు ఆమె ఎక్కడ ఉంటుందో అడగండి. సుగ్గికి వెళ్ళే ఇల్లయితే, వెళ్ళే ఊరికి దగ్గరలోని ఏఆర్‌టీ కేంద్రం పేరు కౌన్సెలర్ చేత చెప్పించి, మాత్రలు అయిపోయే తేదీ ముందే లెక్కగట్టి ఇప్పించండి. ఏ అనుమానం వచ్చినా 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చని చెప్పండి.

ఎక్కడైనా ఆమెను తిప్పి పంపితే, గుట్టు బయటపెడితే ఎవరిని అడగాలో కూడా చెప్పండి. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ఆసుపత్రిలో 2017 హెచ్‌ఐవీ చట్టం కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి. రాష్ట్రంలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండాలి, ఆయన 30 రోజుల్లో, ప్రాణం మీదికి వచ్చిన సందర్భమైతే వీలైనంత వరకు 24 గంటల్లో ఆదేశం ఇవ్వాలి. న్యాయ సేవాధికార సంస్థలో ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఫోను నంబరు 15100.

ఇంటికి చేర్చే బండి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వచ్చి బయట హారన్ కొడుతుంటే హడావుడిలో కాగితాలు ఎవరి చేతికో వెళ్ళిపోతాయి. డిశ్చార్జి కాగితం మడిచి కవర్లో పెట్టండి. కవరు మీద ఆమె పేరు తప్ప ఇంకేమీ లేదని చూసి, మామకో మరిదికో కాక, ఆమె చేతికే ఇవ్వండి.